పర్యావరణ భారం: మీ సంస్థకు ఏ కొలత సరిపోతుంది, తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలి

"గత ఆర్థిక సంవత్సరంలో మీ సంస్థ నుంచి వెలువడిన కర్బన ఉద్గారాలు ఎన్ని టన్నులు?" అన్న ప్రశ్న కొన్నేళ్ల కిందటి వరకు సిమెంటు, ఉక్కు కర్మాగారాలను దాటి వచ్చేది కాదు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను తప్పనిసరిగా ఇవ్వాలన్న స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన 2022-23 నుంచి అమల్లోకి వచ్చాక, ఆ కంపెనీలకు సరుకు అమ్మే చిన్న, మధ్యతరహా యూనిట్లకు కూడా ఇదే ప్రశ్న ఒక ఎక్సెల్ షీటు రూపంలో చేరుతోంది. ఐరోపాకు బోల్టులు, నట్లు పంపేవారి పరిస్థితి ఇంకాస్త కఠినం. అక్కడి సరిహద్దు కర్బన సుంకం 2023 అక్టోబరు నుంచి లెక్కలు అడగడంతో మొదలై, 2026 జనవరి నుంచి డబ్బుతో ముడిపడింది.

షీటు చేతికి రాగానే యజమాని నలుగురిని అడుగుతారు, నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. ఒకరు పర్యావరణ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 14001 సర్టిఫికెట్ తెచ్చుకోమంటారు, ఒకరు ఎనర్జీ ఆడిట్ చేయించమంటారు, ఇంకొకరు ఒక ఉత్పత్తి భారాన్ని ముడిసరుకు నుంచి చివరి దాకా లెక్కగట్టే జీవితచక్ర మదింపు లేనిదే ఏ లెక్కా లెక్క కాదంటారు, నాలుగోవారు ఇవన్నీ ఎందుకు, షెడ్డు మీద సోలార్ వేయించండి చాలంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, కానీ ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు ఇస్తున్నారు. మీ ప్రశ్న ఏదో తేలకుండా వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటే ఖర్చయిన తరువాత గానీ అది సరిపోదని తెలియదు.

ముందుగా తేల్చుకోవలసిన సంగతులు

మొదటిది, అంకె ఎవరికి కావాలి. కొనుగోలుదారు అడిగితే వారికి సాధారణంగా కంపెనీ మొత్తానికి ఏడాది లెక్క కావాలి. ఐరోపా దిగుమతిదారు అడిగితే టన్ను సరుకుకు ఎంత అన్నది కావాలి. కాలుష్య నియంత్రణ మండలికి నీరు, పొగ, వ్యర్థాల వివరాలు కావాలి. మీకు మీరే అడుగుతున్నట్లయితే ఏ యంత్రం ఎంత తింటోందో కావాలి. ఈ నాలుగూ ఒకే కొలతతో రావు.

రెండవది, ఆ అంకెను చూసి మీరు ఏ నిర్ణయం తీసుకోబోతున్నారు. అంకె మారినా మారకపోయినా మీ కొనుగోళ్లలో, యంత్రాల్లో, ఇంధనంలో ఏ మార్పూ ఉండదనుకుంటే అతి తక్కువ ఖర్చుతో వచ్చే లెక్కతో సరిపెట్టుకోవడమే వివేకం.

మూడవది, మీ భారంలో పెద్ద వాటా గేటు లోపల ఉందా, బయట ఉందా. ఇది చాలామంది అడగని ప్రశ్న, కానీ ఎంపికను తలకిందులు చేసేది ఇదే. దీని సంగతి వరి మిల్లు ఉదాహరణలో వివరంగా చూద్దాం.

నాలుగవది, మీ అసలు సమస్య కర్బనమేనా. మందుల ఫ్యాక్టరీకి ద్రావకాలు, ఉప్పునీరు, గ్రానైట్ యూనిట్‌కు రాతిపొడి బురద (స్లర్రీ), బాయిల్డ్ రైస్ మిల్లుకు వడ్లు నానబెట్టిన నీరు, ఎగిరే బూడిద చుట్టుపక్కల వారికి రోజూ కనిపించే భారాలు. కర్బనం లెక్క వీటిలో ఒక్కదాన్ని కూడా చూపదు.

చివరిది, వచ్చే ఏడాది ఇదే లెక్కను మీ మనిషే మళ్లీ చేయగలడా. సలహాదారు వెళ్లిపోగానే ఆగిపోయే కొలత, ఎంత శాస్త్రీయమైనదైనా, ఒక్కసారి తీసిన ఫొటో లాంటిది.

నాలుగు దారులు పక్కపక్కన

| | బిల్లుల ఆధారంగా ఉద్గారాల లెక్క | ఎనర్జీ ఆడిట్ | ఐఎస్‌ఓ 14001 వ్యవస్థ | జీవితచక్ర మదింపు |
|---|---|---|---|---|
| జవాబిచ్చే ప్రశ్న | ఏడాదికి మొత్తం ఎంత | ఎక్కడ వృథా అవుతోంది | ఎవరు, ఎప్పుడు, ఎలా చూసుకుంటున్నారు | ఒక ఉత్పత్తికి మొదలు నుంచి చివరి దాకా ఎంత |
| నీరు, వ్యర్థాలు | చూపదు | చాలావరకు చూపదు | చూస్తుంది | చూస్తుంది |
| గేటు బయటి భారం | స్కోప్ 3 (ముడిసరుకు, రవాణా వంటివి) చేరిస్తేనే | చూపదు | కొంతవరకు | ప్రధానంగా అదే |
| ఖర్చు | సొంత మనిషి సమయం | ఒకసారి ఫీజు | ఏటా కొనసాగే ఖర్చు | అన్నిటికంటే ఎక్కువ |
| సొంతంగా మళ్లీ చేయడం | సులభం | కొంత సాధ్యం | సాధ్యం | కష్టం |

పట్టికలో కనిపించనిది ఒకటి ఉంది. వీటికి వరుసక్రమం ఉంది. మొదటిది లేకుండా మిగతా మూడింటిలో దేనిలో దిగినా ఆ పని చేసేవారు మొదట మీ దగ్గర అడిగేది ఆ బిల్లులనే.

బిల్లుల లెక్క

ఈ పద్ధతికి మూలం వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, సుస్థిరాభివృద్ధి కోసం ఏర్పడిన ప్రపంచ వాణిజ్య మండలి కలిసి 2001లో తొలిసారి తెచ్చి 2004లో సవరించిన జీహెచ్‌జీ (హరితగృహ వాయువుల) ప్రొటోకాల్. మీ ఆవరణలో, మీ వాహనాల్లో కాలిన ఇంధనం, కారిపోయిన ఏసీ గ్యాసు స్కోప్ 1 కిందికి వస్తాయి. కొన్న కరెంటు స్కోప్ 2. ముడిసరుకు, రవాణా, ఉద్యోగుల రాకపోకలు, అమ్మిన సరుకు వాడకం వంటి మిగిలినవన్నీ స్కోప్ 3, అందులో 15 విభాగాలు ఉన్నాయి.

లెక్క ఎంత సులభమో చూపడానికి ఒక బాయిల్డ్ రైస్ మిల్లును ఊహించుకుందాం. ఏడాదికి 20,000 టన్నుల వడ్లు ఆడిస్తుంది, 6 లక్షల యూనిట్ల కరెంటు వాడుతుంది, జనరేటర్‌కు, సొంత లారీలకు, లోడర్‌కు కలిపి 18,000 లీటర్ల డీజిల్ పోస్తుంది, ఆఫీసు ఏసీల్లో ఏడాదికి 2 కిలోల ఆర్-410ఏ గ్యాసు నింపిస్తుంది అనుకుందాం. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గణాంకాలు చెబుతాయి కాబట్టి, కరెంటు వాటా 420 టన్నులు. డీజిల్ లీటరుకు 2.68 కిలోల చొప్పున 48 టన్నులు. ఆ గ్యాసు కిలోకు దాదాపు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం కనుక రెండు కిలోలకే 4 టన్నులు దాటుతుంది. మొత్తం 472 టన్నులు, అంటే టన్ను వడ్లకు దాదాపు 24 కిలోలు. ఒక గుమస్తా పన్నెండు కరెంటు బిల్లులు, బంకు రసీదులు, ఏసీ మెకానిక్ బిల్లులు ముందు పెట్టుకుంటే రెండు రోజుల్లో తేల్చే లెక్క ఇది.

తప్పులు దొర్లేది కూడా ఇక్కడే. పెద్ద వాడకందారులకు వచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులో కేవీఏహెచ్ (గ్రిడ్ నుంచి లాగిన మొత్తం) అని ఒక అంకె, కేడబ్ల్యూహెచ్ (నిజంగా పనికి వాడిన యూనిట్లు) అని ఒక అంకె ఉంటాయి. డబ్బు మొదటిదానిపై కడతారు గనుక చూపు దానిమీదే పడుతుంది, కానీ ఉద్గారాల లెక్కకు తీసుకోవలసింది రెండవది. ఏసీ గ్యాసు సంగతి అకౌంట్స్ పుస్తకంలో "రిపేర్లు" అన్న పద్దు కింద కలిసిపోతుంది కాబట్టి దాన్ని విడిగా రాయించకపోతే ఎప్పటికీ బయటపడదు. శీతల గిడ్డంగి లాంటి చోట ఇది చిన్న సంగతి కాదు. అమ్మోనియాతో నడిచే ప్లాంటుకు ఈ పద్దులో దాదాపు సున్నా పడితే, ఆర్-404ఏతో నడిచేదానికి కిలో కారితే నాలుగు టన్నులకు దగ్గరగా పడుతుంది.

ఊక సంగతి విడిగా చెప్పాలి. బాయిలర్‌లో కాలే ఊక పంట నుంచి వచ్చినది కనుక దాని కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్‌ల మొత్తంలో కలపకుండా పక్కన వేరుగా చూపాలి, దానితో పాటు వెలువడే కొద్దిపాటి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను మాత్రం స్కోప్ 1లో చేర్చాలి. పై లెక్కలో ఆ చిన్న భాగాన్ని వదిలేశాను. "మాది ఊక బాయిలర్, మాకు ఉద్గారాలే లేవు" అనడం ఎంత తప్పో, ఊక పొగనంతా బొగ్గు పొగతో సమానంగా లెక్కగట్టడం కూడా అంతే తప్పు.

ఈ దారి లోపం ఏమిటంటే, 420 టన్నుల్లో పాలిషర్ ఎంత తిన్నదో, కంప్రెసర్ ఎంత తిన్నదో ఇది చెప్పదు. మీటరు ఒక్కటే కాబట్టి అంకె కూడా ఒక్కటే.

ఎనర్జీ ఆడిట్

బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) పరీక్ష ఉత్తీర్ణులైన ఆడిటర్ క్లాంప్ మీటరు, పవర్ అనలైజర్, ఫ్లూ గ్యాస్ అనలైజర్ పట్టుకుని మూడు నాలుగు రోజులు మిల్లులో తిరిగి, ఏ మోటారు ఎంత లోడు మీద నడుస్తోంది, బాయిలర్ పొగలో ఆక్సిజన్ శాతం ఎంత, ఆవిరి పైపుల మీద ఉండవలసిన చోట తొడుగు ఉందా లేదా అన్నవి కొలిచి, పెట్టిన డబ్బు ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో వరుసగా రాసి ఇస్తారు. ఉద్గారాలు తగ్గించడమే అసలు లక్ష్యమైతే నాలుగింటిలో ఎక్కువ ప్రయోజనం దీనితోనే అని నా అభిప్రాయం. బయటివారికి చూపించడానికి మాత్రం ఇది పనికిరాదు. కొనుగోలుదారు షీటులో "ఎనర్జీ ఆడిట్ చేయించారా" అన్న గడి ఉంటే అవునని రాయడానికి తప్ప మరెక్కడా దీని అంకె అతకదు.

ఇందులో ఒక కొలత ఆడిటర్ రాకముందే మీరే చేసుకోవచ్చు. ఆదివారం మిల్లు మొత్తం ఆపి, రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ యంత్రానికి గాలి ఇచ్చే కంప్రెసర్‌ను ఒక్కదాన్నే నడపండి. గాలి వాడేవారు లేరు కాబట్టి ట్యాంకు నిండాక అది లోడు నుంచి దిగి ఊరికే తిరగాలి. కాసేపటికి మళ్లీ లోడు ఎక్కిందంటే గాలి ఎక్కడో కారుతున్నట్లే. లోడులో ఒక నిమిషం, లోడు లేకుండా నాలుగు నిమిషాలు ఉందనుకుంటే అయిదు నిమిషాలకు ఒక నిమిషం, అంటే 20 శాతం కారుడు. 30 కిలోవాట్ల కంప్రెసర్ ఏడాదికి 5,000 గంటలు నడిస్తే అది సుమారు 30,000 యూనిట్లు, 21 టన్నులు. అది ఆపడానికి కావలసింది సబ్బునీళ్లు, కొన్ని నిపుల్స్, గొట్టాలు, ఒక ఫిట్టర్ అరపూట పని.

ఐఎస్‌ఓ 14001

1996లో మొదలై 2004లో, మళ్లీ 2015లో సవరణ పొందిన ఈ ప్రమాణం గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. సర్టిఫికెట్ ఉందంటే కాలుష్యం తక్కువని అర్థమనుకుంటారు. ఇన్ని టన్నులకు మించకూడదన్న హద్దు ఏదీ అందులో లేదు. మీ కార్యకలాపాల వల్ల పర్యావరణానికి ఏయే ప్రభావాలు ఉన్నాయో గుర్తించి, మీకు వర్తించే చట్టాల జాబితా పెట్టుకుని, మీ లక్ష్యాలు మీరే నిర్ణయించుకుని, వాటిని చేరే బాధ్యత ఎవరిదో రాసుకుని, ఏటా సమీక్షించుకోవడమే దాని సారం.

కొన్నేళ్ల కిందట నేను వెళ్లిన ఒక యూనిట్‌లో రిసెప్షన్ గోడ మీద ఈ సర్టిఫికెట్ పటం కట్టి ఉంది. కాలుష్య మండలికి ఏటా ఇచ్చే పర్యావరణ నివేదిక ఫారం-5 నకళ్లు అడిగి చూస్తే మూడేళ్ల నీటి వాడకం ఒకటే అంకె, ఒక్క లీటరు తేడా లేదు. ఆ మూడేళ్లలో ఉత్పత్తి మాత్రం పెరిగింది. ఫ్లో మీటరు ఎక్కడుందని అడిగితే స్టోర్ గదిలో అట్టపెట్టె చూపించారు. ఇది ప్రమాణం తప్పు కాదు, దాన్ని కాగితంగా కొనుక్కున్న తీరు తప్పు.

అలాగని దీన్ని తీసిపారేయలేము. నీరు, రసాయనాలు, ప్రమాదకర వ్యర్థాలు ప్రధాన భారమైన చోట, మనుషులు తరచూ మారే పెద్ద యూనిట్లలో, పని ఒకరి జ్ఞాపకశక్తి మీద ఆధారపడకుండా నిలబడాలంటే ఇటువంటి వ్యవస్థ అవసరమే. కొందరు విదేశీ కొనుగోలుదారులు సరఫరాదారుల జాబితాలో చేర్చడానికే దీన్ని షరతుగా పెడతారు కాబట్టి అక్కడ చర్చకు తావు లేదు. తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్‌ఏబీసీబీ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) లేదా దానికి సమానమైన గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఐఎస్‌ఓ తానుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. గడువు మూడేళ్లు, మధ్యలో ఏటా నిఘా ఆడిట్ ఉంటుంది, కాబట్టి మొదటి ఏడాది ఫీజును మాత్రమే చూసి ఖర్చు అంచనా వేయకూడదు.

చిన్న యూనిట్లు దీనికి ముందు కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) శాఖ జెడ్ (లోపం సున్నా, పర్యావరణ నష్టం సున్నా) పథకాన్ని పరిశీలించవచ్చు. కాంస్య, రజత, స్వర్ణ స్థాయిల్లో ఇచ్చే ఆ సర్టిఫికెట్ ఫీజులో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం రాయితీ ఉంది.

జీవితచక్ర మదింపు, లేదా మిల్లు గేటు బయట ఉన్నది

మన ఊహా మిల్లు దగ్గరికి తిరిగి వెళదాం. గేటు లోపలి లెక్క 472 టన్నులు. ఇక్కడి బియ్యాన్ని ఐరోపాలోని ఒక సూపర్ మార్కెట్ తన పేరుతో అమ్ముతూ, కిలో బియ్యానికి భారం ఎంతని అడిగిందనుకుందాం. అప్పుడు పొలం నుంచి మొదలుపెట్టాలి. నీరు నిలిచిన వరి మడిలో గాలి అందని మట్టిలో సూక్ష్మజీవులు మీథేన్‌ను పుట్టిస్తాయి. నీరు ఎప్పుడూ నిలిపితే ఎక్కువ, మధ్యలో ఆరబెడితే బాగా తక్కువ. హెక్టారుకు పంటకాలానికి 100 కిలోలు అనుకుని, మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లుగా లెక్కించి, దిగుబడి 5 టన్నులనుకుంటే, 20,000 టన్నుల వడ్లకు 4,000 హెక్టార్లు, 11,200 టన్నులు. ఎరువుల సంగతి ఇంకా కలపనే లేదు. అంటే మిల్లు తన మోటార్లన్నీ మార్చి, కప్పంతా సోలార్ పరిచి, డీజిల్ పూర్తిగా మానేసినా కిలో బియ్యం మీది భారంలో తగ్గేది ఇరవయ్యో వంతు కూడా కాదు.

ఈ సంగతిని మొదటి మూడు కొలతల్లో ఏదీ చెప్పదు. దీన్ని చెప్పడానికి ఐఎస్‌ఓ 14040, 14044 ప్రమాణాల ప్రకారం జరిగే జీవితచక్ర మదింపు కావాలి, లేదా కనీసం స్కోప్ 3లో కొన్న ముడిసరుకు అన్న విభాగాన్ని నిజాయతీగా నింపాలి. మదింపులో ముందు దేనికి లెక్క కడుతున్నామో, అంటే కిలో బియ్యానికా, బస్తాకా, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది నిర్ణయిస్తారు. ఆ తరువాత ప్రతి దశలో పోసినవి, వచ్చినవి కూడబెట్టి, ప్రభావాలుగా మార్చి, చివరకు అర్థం చెబుతారు.

చిక్కు ఏమిటంటే, రైతుల దగ్గర కొలతలు ఉండవు గనుక సాఫ్ట్‌వేర్ డేటాబేసులోని సగటు అంకెలు వేస్తారు. ఆ సగటు కృష్ణా ఆయకట్టు మడికి, వేరే దేశపు మడికి ఒకటే అయితే మీరు చెల్లించింది మీ బియ్యానికి సంబంధించిన జవాబు కోసం కాదని గుర్తించాలి. ఒప్పందంలోనే ఏ అంకెలు స్థానికంగా సేకరిస్తారో, ఏవి డేటాబేసు నుంచి తీసుకుంటారో రాయించుకోవడం మంచిది.

మరో ముడి కూడా ఉంది. ప్రభుత్వ ధాన్యాన్ని కస్టమ్ మిల్లింగ్ కింద ఆడించే మిల్లుకు ఆ వడ్లు సొంతం కావు. క్వింటాలు వడ్లకు 67 లేదా 68 కిలోల బియ్యం అప్పగించి ఆడించిన కూలి తీసుకునే మిల్లు, రైతు మడికి నీరు ఎలా పెట్టాలో చెప్పగల స్థితిలో ఉండదు. అటువంటి మిల్లుకు జీవితచక్ర మదింపు చేయించమని సలహా ఇవ్వడం అన్యాయం. రైతులతో నేరుగా ఒప్పందం చేసుకుని సన్నరకాలు కొని ఎగుమతి చేసే మిల్లు పరిస్థితి వేరు. తడిపి ఆరబెట్టే నీటి యాజమాన్యం, వెదజల్లే పద్ధతి పాటించిన రైతుకు బస్తాకు కొంత ఎక్కువ ఇవ్వగలదు కాబట్టి దానికి ఈ కొలత పెట్టుబడే అవుతుంది.

తగ్గించే మార్గాల్లో ఏది ముందు

అందరి నోటా ముందు వచ్చేది సోలార్. 100 కిలోవాట్ల ప్లాంటుకు దాదాపు 10,000 చదరపు అడుగుల కప్పు కావాలి, మన ప్రాంతపు ఎండకు ఏడాదికి సుమారు 1.4 లక్షల యూనిట్లు వస్తాయి, అంటే 98 టన్నులు. ఒక్క దెబ్బతో ఇంత తగ్గించేది మరొకటి లేదు, కొనుగోలుదారుకు ఫొటో తీసి పంపడానికి కూడా బాగుంటుంది. కానీ వరి మిల్లు కప్పు మీద ఊక దుమ్ము, బాయిలర్ బూడిద పేరుకుంటాయి, తరచూ కడగకపోతే ఆ యూనిట్లు రావు. మిల్లు ఆగి ఉండే నెలల్లో కరెంటు గ్రిడ్‌కు పోతుంది కనుక డిస్కం దాన్ని ఎలా సర్దుబాటు చేస్తుందో ముందే కనుక్కోవాలి. ఇక చాలామందికి తరువాత తెలిసి బాధపడే సంగతి, గ్రిడ్ కరెంటు పోతే మామూలు సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. జనరేటర్‌తో జత కలిపే ఏర్పాటు విడిగా చేయించుకోకపోతే డీజిల్ లీటరు కూడా తగ్గదు.

అందుకని వృథా ఆపడం ముందు, సోలార్ తరువాత అంటాను. కంప్రెసర్ కారుడు సంగతి పైన చూశాం. దాని ఒత్తిడిని అవసరానికి మించి పెంచి ఉంచితే ఒక్కో బార్‌కు 6-7 శాతం కరెంటు అదనంగా పోతుంది. బాయిలర్ పొగను లాగే ఐడీ ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతూ డ్యాంపర్‌తో గాలిని అడ్డుకునే బదులు మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెట్టి వేగం 20 శాతం తగ్గిస్తే, ఫ్యాన్ తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వృథా తగ్గాక కావలసిన సోలార్ సైజు కూడా తగ్గుతుంది. వరుస తిరగబడితే కారే గాలి కోసం ప్యానెళ్లు కొన్నట్లవుతుంది.

డబ్బు తగ్గడం, కర్బనం తగ్గడం ఎప్పుడూ జంటగా నడవవు. కెపాసిటర్లు పెట్టి పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో పనికొచ్చే వాటా) సరిచేస్తే కేవీఏహెచ్ తగ్గి బిల్లు దిగుతుంది, ఉద్గారాలు మాత్రం దాదాపు అక్కడే ఉంటాయి. ఆవిరి పైపులకు తొడుగు వేసి, ఆవిరి చల్లారి నీరుగా మారిన కండెన్సేట్‌ను బాయిలర్‌కు తిప్పి పంపితే ఊక మిగులుతుంది, దాన్ని అమ్ముకోవచ్చు, కానీ ఊక కార్బన్ డయాక్సైడ్ వేరే పద్దు కాబట్టి కొనుగోలుదారు షీటులో ఆ కష్టం కనిపించదు. అయినా చేయవలసినవే. జనరేటర్ సంగతి కూడా ఇటువంటిదే. లీటరుకు మూడు మూడున్నర యూనిట్లు వస్తాయి కనుక జేబుకు ఎంతో భారం, కర్బనం లెక్కలో మాత్రం గ్రిడ్ యూనిట్ కంటే కొంచెమే ఎక్కువ.

ఒక భారాన్ని తగ్గిస్తే మరొకటి పెరిగే చోట్లు కూడా ఉన్నాయి. పటాన్‌చెరు, జీడిమెట్ల ప్రాంతాల బల్క్ డ్రగ్ (మందుల ముడి రసాయనాలు చేసే) యూనిట్లకు ఇది బాగా తెలిసిన సంగతి. బయటికి చుక్క వదలకుండా ఉప్పునీటిని ఆవిరి చేసే జెడ్‌ఎల్‌డీ ప్లాంటు వాగులను, చెరువులను కాపాడుతుంది, కానీ ఆ నీటిని మరిగించడానికి ఆవిరి కావాలి, ఆవిరికి ఇంధనం కావాలి. ఉద్గారాల అంకె పెరిగిందని అక్కడ వెనక్కి తగ్గడం సరికాదు. వ్యర్థాన్ని శుద్ధి చేయడం కంటే పుట్టకుండా చూడటం వైపు చూపు మళ్లించడం సరైనది. మందుల తయారీలో కిలో ఉత్పత్తికి 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం పుడుతుందని రసాయన శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు, అందులో పెద్ద వాటా ద్రావకాలదే. ఎంత టొలుయిన్ (ఒక ద్రావకం) కొన్నారు, ఎంత తిరిగి పట్టారు, మిగిలింది ఎటు పోయింది అన్న నెలవారీ తూకం ఆ యూనిట్‌కు ఏ కర్బన నివేదిక కన్నా ఎక్కువ చెబుతుంది.

కార్బన్ క్రెడిట్లు కొనడం గురించి ఒక్క మాట. వాటిని విడిగా చూపించాలి తప్ప మీ స్కోప్ 1, 2 అంకెల్లోంచి తీసివేసి చూపకూడదు.

ఎవరికి ఏది

లిస్టెడ్ కంపెనీకి సరుకు అమ్మే చిన్న యూనిట్ అయితే బిల్లుల లెక్క చేసి, ఏ గుణకాలు (యూనిట్‌కు, లీటరుకు ఎన్ని కిలోలు అన్నవి) వాడారో కింద రాసి పంపితే సరిపోతుంది, మిగిలిన డబ్బు ఎనర్జీ ఆడిట్‌కు పెట్టవచ్చు. కస్టమ్ మిల్లింగ్ వరి మిల్లుకు కూడా ఇదే నా సలహా, దానికి తోడు నానబెట్టే నీటికి ఒక ఫ్లో మీటరు, బూడిద తరలింపుకు ఒక రిజిస్టరు ఉండాలి. ఎగుమతి మిల్లు, సొంత బ్రాండు ఉన్న ఆహార సంస్థ జీవితచక్ర మదింపు దిశగా వెళ్లాలి. ఐరోపాకు ఉక్కు సరుకు పంపేవారికి ఎంపికే లేదు, టన్నుకు ఎంత అన్న లెక్క అక్కడి నియమాల ప్రకారమే చేయాలి, మీరు కొనే ఉక్కు భారాన్ని దాన్ని తయారు చేసిన మిల్లు నుంచే అడిగి తెచ్చుకోవాలి. మందుల యూనిట్‌కు ఐఎస్‌ఓ 14001తో పాటు ద్రావకాల తూకం.

హైదరాబాద్‌లో అద్దె భవనంలో ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు చిక్కు వేరే రకం. కరెంటు బిల్లు భవన యజమాని పేరున ఉంటుంది, ఏసీ, జనరేటర్ ఖర్చులు నిర్వహణ ఛార్జీల్లో కలిసిపోతాయి. అద్దె ఒప్పందం పునరుద్ధరించేటప్పుడే యూనిట్ల వివరం, డీజిల్ లీటర్లు, నింపిన గ్యాసు కిలోలు నెలనెలా ఇవ్వాలని ఒక షరతు రాయించుకోవడం వారికి అన్ని సర్టిఫికెట్ల కంటే ముందు చేయవలసిన పని. ఆ తరువాత విమాన ప్రయాణాలు, ఉద్యోగుల రాకపోకలు, క్లౌడ్ వాడకం.

ఎవరైనా సరే ఒక ఆధార సంవత్సరం ఎంచుకుని, మొత్తం టన్నులూ, టన్ను సరుకుకు ఎన్ని కిలోలన్నదీ రెండూ రాయాలి. పంట సరిగా రాక మిల్లు సగం రోజులే నడిచిన ఏడాది మొత్తం అంకె దానంతట అదే పడిపోతుంది, దాన్ని తగ్గింపుగా చూపిస్తే వచ్చే ఏడాది పంట బాగా పండినప్పుడు సమాధానం చెప్పుకోవడం కష్టం. ఆర్థిక సంవత్సరాన్నే లెక్క సంవత్సరంగా పెట్టుకుంటే సౌకర్యం. కాలుష్య మండలి సమ్మతి అవసరమైన ప్రతి యూనిట్ మార్చి 31తో ముగిసిన ఏడాదికి ఫారం-5ను సెప్టెంబరు 30 లోగా ఎలాగూ ఇవ్వాలి. నీరు, ముడిసరుకు, వ్యర్థాల గడులు అందులో ఇప్పటికే ఉన్నాయి. ఏప్రిల్ 1 ఉదయం కరెంటు మీటరు, నీటి మీటరు, జనరేటర్ గంటల మీటరు, డీజిల్ ట్యాంకు కర్ర కొలత ఒకే కాగితం మీద రాసి, తేదీ వేసి, ఎవరు చూశారో సంతకం పెట్టిస్తే ఆ గడులు నింపడానికీ, కొనుగోలుదారు షీటు నింపడానికీ ఒకే పుస్తకం సరిపోతుంది.